తిండికి పని

కడియపులంక కాలవ గట్టున ఆటో దిగింది,
వీపు మీద తనంత సంచీతో.
పేరు కైసా. ఎస్తోనియా అంట.
హిందీ పరీక్ష తప్పిన మా వాడు
"కైసా అంటే ఎలాగ అని, నాన్నా!"
అంటూ పడీ పడీ నవ్వాడు.

ఒప్పందం ముందే ఫోన్లో అయిపోయింది:
రోజుకి అయిదు గంటల పని,
మూడు పూటల తిండి, పడుకోడానికి చోటు.
డబ్బు ఊసు అటూ లేదు, ఇటూ లేదు.
కవర్ల షెడ్డు పక్క గదిలో నవారు మంచం వేశాం,
దోమతెర కట్టాం.
రెండో రోజు ఎండకే
ఉడికిన రొయ్యలా ఎర్రబడింది.

కొబ్బరిపొట్టు, ఎర్రమట్టి కలిపి
పొద్దుటికల్లా నాలుగొందల కవర్లు నింపేది.
గులాబీకి అంటు కట్టడం నేర్పాను:
బెరడు చీల్చి, కన్ను కూర్చి, రిబ్బను చుట్టి.
అంటు అనమంటే
అంతు అనేది.
అంటూ, దాని అంతూ
మా ఇంటికి రెండూ తెలిసినవే.
ఏం దిద్దను?

మూడొందల యాభై కూలికొచ్చే వరహాలమ్మ
మంచినీళ్ళకి ఆగినప్పుడు అంది:
"ఈ పిల్ల ఉత్తినే చేసేత్తుంటే
రేపు మమ్మల్నీ ఉత్తినే రమ్మంటారేంటండీ?"
నవ్వుతూనే అంది.
నవ్వని సగమే నాకు వినబడింది.

మా నాన్న ఏసుపాదం
వారం పాటు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని
ఆమె చేతుల్నే చూశాడు.
ఎనిమిదో రోజు, నన్ను చెప్పమని,
"ఎంత అప్పు చేసేవమ్మా?" అనడిగాడు.

అప్పు లేదంది.
ఇష్టమంది.
"అప్పు లేకుండా
తిండికి పని చేత్తారా ఎవరన్నా!"

ఆయనదీ ఒప్పందమే.
పదకొండేళ్ళప్పుడు,
నూట ఇరవై రూపాయలకి
మా తాత వేలిముద్ర వేసింది.
ఉగాది నుంచి ఉగాదికి.
పూటలు మూడు కాదు, రెండు.
పైనుంచి పోస్తే దోసిట్లో పట్టుకున్న తరవాణి,
పశువుల పాకలో తడి గడ్డి.
గంటలంటారా,
అవి కామందు గోడ మీదే ఉండేవి.
అలా పద్నాలుగు ఉగాదులు.

ఇదంతా ఆమెకి చెప్పడానికి
నా ఇంగ్లీషు చాల్లేదు.
చాలినా చెప్పేవాణ్ణో కాదో.
"మా నాన్న కూడా చిన్నప్పుడు వాలంటీరే" అనేశాను.
ఆమె మొహం వెలిగిపోయింది.
మట్టిచేతిని లంగోటాకి తుడుచుకున్నట్టు
ప్యాంటుకి తుడుచుకుని
ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది.
ఎందుకో తెలియని ఆ చెయ్యి
చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది.

"వెళ్ళిపోవాలనిపిత్తే?"
ఇంకొక్కటే అడిగాడు.
"రేపైనా వెళ్ళొచ్చు" అని
మూలనున్న సంచీ చూపించింది.
ఆ రాత్రి బొమ్మిడాయిల పులుసు
ఆయన కంచంలో సగం అలాగే ఉంది.

నెల తిరిగాక వెళ్ళిపోయింది.
కాంబోడియాలో ఎవరిదో మిరియాల తోటంట,
అక్కడా అయిదు గంటలే.
వేమగిరి సెంటర్లో బస్సు దాకా
నాన్నా వస్తానన్నాడు.
పింఛను డబ్బులోంచి అయిదొందల నోటు
నాలుగు మడతలు పెట్టి చేతిలో పెట్టాడు.
ఆమె వద్దంటే, నేనూ వద్దంటే,
"పని చేయించుకుని
ఉత్తచేతుల్తో పంపకూడదు" అన్నాడు,
ఎవరి మీదో కోపంగా,
మా ఇద్దరి మీదా కాదు.
ఆమె రెండు చేతులా తీసుకుంది.

వరహాలమ్మ మళ్ళీ కవర్లు నింపుతోంది.
కైసా కట్టిన అంట్లలో
సగానికి పైగా ఎండిపోయాయి,
నేర్చుకునేవాళ్ళ చెయ్యి అంతే.

నిన్న మొక్కల లారీ ఎక్కించి
కాళ్ళు కడుక్కుంటుంటే
వెనకనుంచి నాన్న:
"ఒరే,
ఆ పిల్ల తగిలించుకొచ్చిన సంచీ,
అలాంటిది
ఎంతుంటదిరా?"