నాలుగో వంతు నీళ్ళు

ఆదివారం నేను చేసింది శుభ్రం.
అదే తప్పు.

ఫిల్టర్ లోపలి స్పాంజి మట్టిరంగులో జిడ్డుగా ఉంటే
కుళాయి కింద పెట్టి పిండి, పిండి
తెల్లబడేదాకా వదల్లేదు.
గులకరాళ్ళు గిన్నెలు తోమినట్టు తోమాను.
పెరంబూరులో మా సందుకి ఆ పొద్దున వచ్చిన ట్యాంకరు నీళ్ళు
బ్లీచింగు వాసనతోనే బకెట్లు బకెట్లు పోశాను.
అద్దంలా ఉంది చూడమని తన్మయిని పిలిచాను కూడా.

మంగళవారానికి బూరె
(గుండ్రంగా, బెల్లం రంగులో ఉంటుందని పాప పెట్టిన పేరు)
బుడగల గొట్టం పక్కనే పైకి తేలి
నోరు తెరవడం, మూయడం, అదే పని.
రెక్కలు తడిసిన పావడాలా ఒంటికి అతుక్కున్నాయి.
మొప్పల అంచున సన్నగా ఎర్ర గీత.

కొళత్తూరులో చేపలమ్మే మరుదముత్తు
ఫోన్లో ఫొటో చూసి మందు తీయలేదు.
"స్పాంజి ఏ నీళ్ళలో కడిగారు సార్?"
చెప్పాను.
అతను ఇంకెవరికో గుప్పీ పిల్లలు కవర్లో కట్టిచ్చి,
చిల్లర లెక్కపెట్టి,
అప్పుడన్నాడు:
"ఆ జిడ్డే సార్, దాని కిడ్నీ."

ఆ మాట నాతో.
కీల్పాక్‌లో డయాలిసిస్ యంత్రాల దగ్గర పన్నెండేళ్ళుగా ఉన్న నాతో.
మొదటి పేషెంటు రాకముందే, ఆరింటికి,
కార్బన్ ట్యాంకు దాటిన నీళ్ళలో క్లోరిన్ లేదని
రోజూ చూసి, పుస్తకంలో సంతకం చేసే నాతో.
ఇంటికొస్తే
నీళ్ళంటే నీళ్ళే అనుకున్నాను.

తన తొట్టిలోంచి ఒక మురికి స్పాంజి తీసి
అందులోని నీళ్ళతో సహా మూట కట్టాడు.
"పిండకండి. ఊరికే వేలాడదీయండి."
డబ్బు తీసుకోలేదు.

గాజు గొట్టంలో చుక్కలు వేసి ఊపాను. అయిదు నిమిషాలు.
పచ్చ అంటే మన భాషలో రెండు రంగులు.
పచ్చగా ఉండమని దీవిస్తాం కదా,
ఈ అట్ట మీద ఆకుపచ్చ అంటే అమోనియా.
పసుపుపచ్చ వచ్చేదాకా దీవెన లేదు.

మొత్తం నీళ్ళు ఒకేసారి పారబోయాలని చేతులు లాగాయి.
వద్దన్నాడు మరుదముత్తు. నాలుగో వంతు. రోజూ.
ముందురోజే డ్రమ్ములో పట్టి, గాలి పంపు పెట్టి,
క్లోరిన్ విరిచే చుక్కలు కలిపి, చెయ్యి ముంచి చూసి,
వేడి సరిపోతేనే, సన్నటి ధారగా.
లీటరుకి గ్రాము కల్లుప్పు, అయోడిన్ లేనిది.
మూడు రోజులు తిండి లేదు.
తన్మయి మేత డబ్బా నా మీదికి విసిరింది.

నాలుగో నంబరు మంచం మీద వరదరాజులు గారు
కోచ్ ఫ్యాక్టరీలో వెల్డరు, రిటైరయ్యారు.
సూదులు గుచ్చుతున్నప్పుడు ఏదో ఒకటి చెప్పమంటారు.
చేప సంగతి చెప్పాను.
"నాకు వారానికి మూడుసార్లు. దానికి రోజూనా? అదృష్టం."
స్పాంజి సంగతి కూడా చెప్పాను.
ఆయన గొట్టంలో తన రక్తం వెళ్ళడం కాసేపు చూశారు.
"అయితే దానికి దాత దొరికాడన్నమాట."
జాబితాలో ఆయన పేరెక్కి నాలుగేళ్ళు.
టీవీ చానల్ మార్చమన్నారు. మార్చాను.

తొట్టి పక్కన ఇప్పుడొక నోటుపుస్తకం.
తేదీ, నీళ్ళు, రంగు, సంతకం.
తొమ్మిదో రోజు రంగు కింద తన్మయి 'పచ్చ' అని రాసింది.
నా గుండె ఆగింది. ఏ పచ్చ?
"పప్పు పచ్చ," అంది విసుగ్గా.

తోక చివర ఒక చీలిక అలాగే ఉండిపోయింది.
ఒక్క గింజ వేశాం.
బూరె దాన్ని నోట్లోకి తీసుకుంది,
ఉమ్మింది,
అది మునిగేలోపు తిరిగొచ్చి మళ్ళీ తీసుకుంది.

రేపటి నీళ్ళు డ్రమ్ములో
బుడబుడమంటున్నాయి.