అడుగుకు పావు అంగుళం

ఫాల్ రివర్‌లో, కొండ వాలు మీద, మూడంతస్తుల చెక్క ఇల్లు.
నడిమి వాటాలో ఫిలొమీనా వంటగది కప్పు మీద
టీ ఒలికినట్టు ఒక మచ్చ.
డిసెంబరులో అరచేయంత,
ఫిబ్రవరికి రొట్టెల పళ్లెమంత.
దాని కింద ఇత్తడి గిన్నె పెట్టుకుంది.
ఆ చప్పుడు వింటేనే ఇప్పుడు నిద్ర పడుతోందట.

పై వాటా కుర్రాళ్లు మాకు లెక్క చెప్పారు:
టైల్స్ సందుల్లో మూడుసార్లు గ్రౌట్ పూశాం,
సిలికాన్ పెట్టాం,
ఏదో సీసాలోది కూడా పోశాం.
జెఫెరీనో నవ్వలేదు.
"టైలు గొడుగు కాదు, చొక్కా.
చొక్కా తడుస్తుంది, తప్పు లేదు.
చర్మం ఎక్కడ తెగిందో చూడాలి" అని
ఉలి నా చేతికిచ్చాడు.

ఈ పనిలో చేరి నాకు ఏడు నెలలు.
అంతకుముందు రేవు దగ్గర ఆల్చిప్పలు ఒలిచేదాన్ని.
మూసుకున్నదాన్ని విప్పడం వచ్చు,
మళ్లీ మూయడమే నేర్చుకుంటున్నాను.

ఒక్కో టైలూ పెచ్చులా లేచింది.
కింద సిమెంటు నల్లగా, వానలో వదిలేసిన గోనెసంచిలా,
ఎన్నేళ్లనాటి సబ్బో వాసన.
డ్రెయిన్ మెడ చుట్టూ ఉండే సన్నకన్నాలు,
చొక్కా దాటి దిగిన నీళ్లు ఊటలా వెళ్లిపోవాల్సిన దారులు,
అన్నీ సిమెంటుతో పూడిపోయి ఉన్నాయి.
దారి లేని నీళ్లు ఏం చేస్తాయి, కూచుంటాయి.
కూచుని కూచుని గడప వైపు పాకాయి.
గడప లోపలి వైపు,
రబ్బరు పొరని పొడుచుకుంటూ
మూడు మేకులు.

పొర ఎత్తాం. చదునైన ప్లైవుడ్, కాస్త వాలైనా లేదు.
మూలన వడ్రంగి పెన్సిల్ రాత:
అక్టోబర్ 1991. జె. ఎం.

మోకాళ్లు పటపటమంటుంటే గొంతుకూచున్నాడు.
బొటనవేలితో తుడిచాడు. పోలేదు.
"నేనే" అన్నాడు.
కాసేపాగి,
"ఆ రోజు ఎందుకంత తొందరపడ్డానో గుర్తులేదు."

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు.
ఈ ఇంట్లో రెండూ నీరే ఎరుగు.

మెట్లు దిగి కిందికెళ్లాడు.
పుచ్చిన చెక్క కోసేసిన సందులోంచి
నాకు గిన్నె అంచు కనబడుతోంది.
అతని గొంతు, వాళ్ల ద్వీపం భాషలో, చాలాసేపు.
ఆవిడ గొంతు ఒక్క మాట.
తర్వాత కాఫీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు.
ఆ ఒక్క మాటేమిటో నేను అడగలేదు.
రాత ఉన్న చెక్కముక్కని మాత్రం చెత్త బకెట్లో వేయనివ్వలేదు,
వ్యాన్ ముందు సీటు కింద పెట్టుకున్నాడు.

కొత్త చెక్క. దాని మీద ముందు వాలు, పొర ఆ తర్వాతే.
ఇసుకా సిమెంటూ పిడికిట్లో నొక్కితే
ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లో నీరు కారకూడదు.
అడుగుకు పావు అంగుళం.
రసమట్టంలో బుడగ గీతని ఓరగా దాటాలి,
ఇంత చాలు, ఇంకొంచెం వద్దు.
మూలల్లో పొరని కోయనివ్వలేదు, మడిచాం,
పసిబిడ్డ పొత్తిగుడ్డ మడిచినట్టు.
కన్నాల చుట్టూ గులకరాళ్లు పేర్చాను,
అన్నంలో రాళ్లు ఏరే ఓపికతో, కానీ తిరగేసి.
గడప లోపల మేకు కొట్టలేదు.
సుత్తిని అసలు ఆ గదిలోకే రానివ్వలేదు.

డ్రెయిన్‌కి బిరడా బిగించి
గడప కింది దాకా నీళ్లు నింపాం.
నీటి అంచున పెన్సిల్ గీత గీశాను.
ఇక పనేం లేదు, రాత్రంతా చూడటమే.
బోర్లించిన బకెట్ మీద ఆయన,
గుమ్మంలో నేను.
బయట మంచు. లోపల బల్బు
కదలని నీళ్లలో ఇంకో బల్బు.

తెల్లారి ఫిలొమీనా పైకొచ్చింది.
గిన్నె పొడిగా ఉందట,
కానీ రాత్రంతా నిద్ర పట్టలేదట.

వంగి చూశాను. నీళ్లు గీత మీదే ఉన్నాయి,
వెంట్రుకవాసి దిగలేదు.
బిరడా తీయబోయాను.

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.
"ఇంకో గంట."