కాదన్న కాగితం

మంచు తోసే బండిని బయట వంకరగా నిలిపి వచ్చాడు
ఆర్నే సాలో.
బూట్లకంటిన రోడ్డు ఉప్పు
నా గది తివాచీ మీద తెల్లటి మరకలు వేసింది.
వెనకాలే కూతురు కైసా, చేతిలో ఫైలు,
ఫైలు అట్ట మీద పెన్నుతో గీసిన సగం పిల్లి.

డులూత్‌లో మార్చి అంటే ఇంకా చలికాలమే.
కిటికీ అవతల సరస్సు పళ్లు బిగించి ఉంది.
ఇనుప ఖనిజం మోసే ఓడలు
రేవులోనే మునగదీసుకున్నాయి.

పదకొండేళ్లుగా ఈ కుర్చీలో చెప్పే మాటలే చెప్పాను.
ఈ మొదటి రుణం నెమ్మదైనది,
చదువు అయ్యేదాకా దాని వడ్డీ ప్రభుత్వం మోస్తుంది.
రెండోది అలా కాదు,
డబ్బు చేతులు మారిన రోజే దాని వడ్డీ లేచి కూర్చుంటుంది.
పాఠం వింటున్నా, జ్వరంతో పడుకున్నా, పరీక్ష తప్పినా
దానికి సెలవుల్లేవు.
రెండూ కలిపినా, ఇదిగో, ఇంకా ఇంత లోటు.
ఆ లోటు కోసమే తల్లిదండ్రుల రుణం.

"అది నా పేరు మీదే కదా?"
ఇంజన్ హోరుకి చెవులు మందగించినవాడు,
గది దద్దరిల్లేలా అడిగాడు.
మీ పేరు మీదే.
"పిల్లకి అంటదు కదా?"
అంటదు.
ఆయన భుజాలు ఒక్క అంగుళం దిగాయి.

ఒక కాడకి నల్ల టేపు చుట్టిన కళ్లద్దాలు పెట్టుకుని
ఒక్కో అక్షరమూ వెతికి నొక్కాడు.
పుట్టిన తేదీ. జీతం. తొమ్మిదంకెల నంబరు.
చివరి మీట ముందు ఆగి
అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు,
ఎవరో పెద్దమనిషి చెయ్యి కలపబోతున్నట్టు.

తెర మీద చిన్న చక్రం తిరిగింది.
తిరిగింది.
కాదు, అంది.

మార్యట్టా ఆఖరి శీతాకాలపు ఆసుపత్రి బిల్లులు
వసూలు కంపెనీల చేతులు మారి మారి
ఇక్కడ వచ్చి తేలాయి.
అవి ఇంకా తీరలేదని కైసాకి తెలియదు.
ఇప్పుడు తెలిసింది.
రేడియేటరు ఒక్కటే టకటకమంటోంది.

ఈ ఉద్యోగంలో నాకు నచ్చని శుభవార్త ఒకటుంది,
అది ఇక్కడే చెప్పాలి.
కన్నవాళ్లకి కాదంటే
పిల్లకి ఇంకొంచెం ఇస్తారు.
ఈ ఏడాదికి మరో నాలుగు వేలు. రెండో రకందే. ఆమె పేరునే.

"అంటే," అన్నాడు, వచ్చాక మొదటిసారి మెల్లగా,
"నేను పనికిరానని తేలితేనే
పిల్లకి పనికొస్తానన్నమాట."

కాదనలేకపోయాను. ఔననీ అనలేదు.

కైసా పెన్ను అడిగింది.
సంతకానికి పెన్ను అక్కర్లేదమ్మా, మీట నొక్కితే చాలు అన్నాను.
"సంతకానికి కాదు."
పిల్లి పక్కన ఖాళీలో అంకెలు వేసింది.
పదేళ్లు. నెలకింత.
బళ్లలో పిల్లల వినికిడి పరీక్షించే ఉద్యోగానికి
జీతం ఇంత, అద్దె పోగా ఇంత.
ఆయన సరస్సుకేసి చూస్తూ కూర్చున్నాడు చాలాసేపు.
తర్వాత వంగి, వేలు పెట్టి,
"అది ఒకటి కాదు, ఏడు" అన్నాడు.
ఆమె కొట్టేసి మళ్లీ మొదలుపెట్టింది.

నా రుణం ఇంకా ఆరేళ్లుంది.
ఆ సంగతి ఇక్కడికొచ్చినవాళ్లకి చెప్పను.
తివాచీ మీద ఉప్పు తుడవమని
రాత్రి పనివాళ్లకి చీటీ రాయాలి.
రేపు రాస్తాను.