పదకొండు సెకన్లు

రోలా బస్టాండు వెనక మూడో అంతస్తు.
అమ్మ ఎవరిదో అబాయా అంచు మడిచి కుడుతోంది,
పెదాల మధ్య గుండుసూదులు, కనుక సలహాలు లేవు.
కరెంటు బిల్లు వెనక నేను గీత గీశాను:
ఇటు మళ్లీ రాసేవి, అటు వదిలేసేవి.

శాట్ లెక్కలు ఏడువందల అరవై. దాని జోలికి వెళ్లను.
శాట్ ఇంగ్లీషు ఆరువందల ముప్ఫై,
చూస్తే అన్నం సహించదు.
ఐఈఎల్టీఎస్‌లో వినడం ఎనిమిదిన్నర, చదవడం ఎనిమిది,
రాయడం ఏడు.
మాట్లాడటం ఆరు.

ఆరు!
లిఫ్టులో సూడానీ ఆంటీతో, బళ్లో ఫిలిప్పీన్ మిస్సుతో,
సముచ్చా కొట్టు మలయాళీ కాకాతో
రోజంతా వాగే నాకు.
ఇంగ్లీషు వచ్చని ఇంగ్లీషులోనే రుజువు చెయ్యాలి,
అందుకు మనమే డబ్బు కట్టాలి,
ఆ రుజువు రెండేళ్లకి చెల్లిపోతుంది,
నాన్న వీసాలాగే.

"రెండూ రాసెయ్" అంది కౌన్సెలర్ షెరీన్ మేడం,
పప్పులో ఇంకో చుక్క నెయ్యి వేసుకో అన్నట్టు.
బీరువాలో ఉన్నది ఒక్క కవరు.
దాని మీద నాన్న చేతిరాత: లైసెన్స్.

నాన్న ఆరుసార్లు తప్పాడు.
గోదాములో పెట్టెలెత్తే లింబాద్రికి
వ్యాను తోలే పని ఇస్తామని
రెండేళ్లుగా ఆశ పెడుతున్నారు.
మొదటిసారి అద్దం చూళ్లేదన్నారు, తర్వాత చక్రం గట్టుకి తగిలిందన్నారు,
నడుమ మూడుసార్లు ఏమన్నారో అరబ్బీలో అన్నారు.
ఆరోసారి రౌండబౌట్ దగ్గర ఎక్కువసేపు ఆగాడట.
"సందు దొర్కలే బిడ్డా. ఒకటెనుక ఒకటి బండ్లే.
ఎనుక హారన్లు. చెయ్యి గేరు మీదనే ఉన్నది."

నేను ఆగింది పదకొండు సెకన్లు.
ఆ గదిలో ఏసీ, నీళ్ల సీసా, రికార్డరు,
తెల్లగడ్డం పెద్దమనిషి అడిగాడు:
మీ ఊరి గురించి చెప్పండి.
ఏ ఊరు?
మెట్‌పల్లి నాలుగు సెలవుల పొడుగు.
షార్జాలో పుట్టాను, నిజమే,
అయినా ప్రతి రెండేళ్లకి వేలిముద్రలిచ్చి
కొత్తగా వచ్చినట్టు వస్తాను.
ఇంతలో ఆయన గడియారం చూశాడు.

రాత్రంతా కాలేజీల పేజీలు తిరగేశాను.
ఏడింట్లో మూడు శాట్ అడగవు.
ఒక్క భాగమే మళ్లీ రాస్తే నాలుగు ఒప్పుకుంటాయి,
రెండు ఒప్పుకోవు, ఒకటి జవాబివ్వలేదు.
ఒక్క భాగానికి అయితే, కవరులో
నాన్నకి నాలుగు క్లాసుల డబ్బు మిగులుతుంది.
ఆరువందల ముప్ఫై చుట్టూ ఓ సున్నా చుట్టి
వదిలేసే వైపుకి తోశాను.
అది కొంచెం గునిసింది. పడుకుంది.

పొద్దున చెప్తే నాన్న కోప్పడ్డాడు.
"నాది ఆగుతది. నువ్వు రెండూ రాయి."
"ఆగినందుకే కదా నిన్ను తప్పించారు" అన్నాను.
అమ్మ నోట్లో సూదులతోనే నవ్వింది,
ఒకటి నేల మీద పడింది,
ముగ్గురం వంగి వెతికాం.

ఇప్పుడు రోజూ రాత్రి పదింటికి
నాన్న పెద్దమనిషి అవుతాడు.
యూనిఫాం విప్పకుండానే కూచుని
ఫోనులో రెండు నిమిషాలు పెట్టి, గొంతు సవరించి:
"మీ ఊరి గురించి చెప్పుండ్రి."
ఇంగ్లీషులో అడుగు నాన్నా అంటే వినడు.
సరే, తెలుగులోనే మొదలుపెడతాను.
మా ఊళ్లో సముద్రముంది, ఎవరికీ ఈత రాదు.
మా ఊళ్లో వాన పడితే బడికి సెలవు.
మా ఊళ్లో ఒక రౌండబౌట్ ఉంది...

ఫోను మోగింది.
నాన్న దాన్ని బోర్లించి
"ఊఁ, తర్వాత?" అన్నాడు.