నీళ్ల కింది గట్టు

కొత్త అమావాస్య. కుంపటి ముట్టించని రోజు.
ప్రొద్దుటూరులో షట్టర్లు లేవకముందే
దస్తగిరి మోపెడ్ మీద వెనక్కి తిరిగి కూర్చున్నాను,
ఒళ్లో గాలపు కర్రలు, డబ్బాలో ఎర్రలు,
తువ్వాల్లో తవుడూ చెనిక్కాయ చెక్కా కలిపిన ముద్ద.

మా పెన్న మడుగులు నాకు పేరుపేరునా తెలుసు.
ఏ రాతి కింద జెల్ల ఉంటుందో,
ఏ తుంగలో దారం చిక్కుతుందో.
ఈ ఏడు మాఘంలోనే అవి చెప్పాపెట్టకుండా ఇంకిపోయాయి.
"ముద్దనూరు అవతల కొత్త చెరువంట,
బంగారుతీగలు వదిలినారంట" అన్నాడు దస్తగిరి.
నవ్వొచ్చింది.
ముప్పై ఏళ్లుగా కమ్మచ్చు కంతల్లోంచి
బంగారు తీగ లాగుతున్నవాణ్ణి.
ఆ పేరుతో ఒక చేప ఉండడం,
దాన్ని కూడా లాగే బయటికి తీయాల్సి రావడం!

తెలియని నీళ్లు ముఖం చూపించవు.
ఒడ్డు ఉంది గానీ ఒడ్డులా లేదు:
తారు రోడ్డు ఒకటి నేరుగా నడిచి వచ్చి
ఆగకుండా నీళ్లలోకి దిగిపోయింది.
మెడదాకా మునిగిన మైలురాయి
ఏ ఊరో, ఎన్ని కిలోమీటర్లో
నీళ్లకే చెబుతోంది.
గాలికి రాలిన వేపపూత తేలుతుంటే
కింద ఏదో నోరు తెరిచి మూసింది.
నీటి మీద ఒక సున్నా.
అంతే. పొద్దు బారెడెక్కింది.

రెండు గాలాలు పోయాయి.
"ఆడ ఎయ్యొద్దు నాయనా, ఆడ తుమ్మకంప ఉండాది."
గొర్రెల వెనక ఒక ముసలామె. సుంకులమ్మ.
చేతికర్ర చాపి నీళ్లను కొలిచింది, సర్వేయరు లెక్క.
"ఆ కొంగ తిరుగుతాందే, అది మా బావిగడ్డ.
ఎనిమిది మట్లు తవ్వినాము. చెమ్మ తగల్లేదు.
ఇప్పుడు సూడు."

సీసపు గుండు పైకి లాగితే
దానికంటిన పిండిలో మన్ను మెత్తుకుని వచ్చింది.
ఆమె చెయ్యి చాచింది.
బొటనవేలితో రుద్ది, కళ్ల దగ్గర పెట్టుకుని,
"ఇది మాది గాదు. నల్లరేగడి. వీరనాగన్నోళ్లది.
మాది ఎర్రనేల. ఇంకా పడమరకు ఎయ్."

గీటురాయి మీద గీసి వన్నె చెప్పే వాళ్లం మేం.
ఆమె ముందు కొత్తగా పనిలో చేరిన పిల్లోడిలా విసిరాను.
నలుపు.
ఇంకొంచెం. గరప.
"అది గట్టు. ఆ మూరెడు గట్టు కోసం
పదకొండేండ్లు కోర్టుకు తిరిగినాము. దాటిచ్చి ఎయ్."
దస్తగిరి బీడీ ఆరిపోయింది కూడా చూసుకోలేదు.
చేపల సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఐదోసారి గుండు ఎర్రగా వచ్చింది.
ఆ చిటికెడు మన్నును కొంగున ముడేసుకుందని
రాస్తే బాగుండేది.
వేసుకోలేదు.
వేళ్లు నీళ్లలో జాడించుకుని
"అదే" అంది. "బాగా నానింది."

సరిగ్గా అప్పుడు రెండో కర్ర వంగింది,
నల్లరేగట్లో వేసి మరిచిపోయిన కర్ర.
తొందరపడితే తీగ తెగుతుంది, నాకు తెలిసిన ఒకే పని అది.
వదిలి, లాగి, వదిలి, లాగి,
అరగంటకు ఒడ్డున పడింది:
నాలుగు మీసాలు, ఒళ్లంతా కాసుల పేరు,
ఇరవైరెండు క్యారెట్లకు కాస్త రాగి ఎక్కువ.
నా త్రాసుకు అందని బరువు.

"తీసుకో అవ్వా" అన్నాను.
"మాకు తినేకి రాదు నాయనా.
నీళ్లు లేని ఊరోళ్లం, ముల్లు తీసేది ఎవరు నేర్పినారు?
అయినా అది మా చేన్లో పడిందా ఏంది.
ఎప్పుడూ ఇంతే. పంట గట్టుకు ఆ పక్కనే."
పొట్ట పట్టుకుని నవ్వింది.
గొర్రెలు అప్పటికే చాలా దూరం పోయాయి.

మళ్లీ వెనక్కి తిరిగే కూర్చున్నాను.
రోడ్డు నీళ్లలోంచి లేచి
మా వెనకే తడిగా వస్తున్నట్టుంది.

చేతులు కడిగిన నీళ్లు పారబోయం మేం.
గోళ్లలో రజను ఉంటుంది, కుండలోకి పడుతుంది.
రాత్రి ఇంటికొచ్చి
గోటి కింద ఎర్రగా ఉన్నదాన్ని కూడా
ఆ కుండలోకే కడిగాను,
అలవాటు కొద్దీ.