మూడు సీసాల ఇంటిపేరు

రాయపురంలో మా గది.
కిటికీ తీస్తే కాసిమేడు వాసన,
మూస్తే ఫార్మలిన్.
పదిహేడేళ్లుగా నా పని
సీసాల మీద పేర్లు రాయడం.

పై అరలో గోరంత చేప,
ఒంటికి పదింతలు తోక.
విప్పిన జడరిబ్బనులా
సీసాలో చుట్టలు చుట్టుకుని ఉండేది.
దానికో కుటుంబం.

మధ్య అరలో ముక్కే మొహమైనవాడు.
దవడలు కదలవు, పొట్ట లేదు,
ఒంట్లో సగం కాలేయమే;
చిన్నప్పుడు తిన్నది కరిగించుకుంటూ
అలాగే బతికేస్తాడట.
దొరికినవన్నీ మగవే.
వాడికింకో కుటుంబం.

నేలకానుకుని, పెద్ద సీసాలో,
తిమింగలం మొహంది.
కళ్లు ఆవగింజలు, మిగతాదంతా నోరు.
అన్నీ ఆడవే.
వీటికి పెళ్లిళ్లెలా అయ్యాయని
ఇన్నేళ్లూ నేనూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం డాక్టర్ మరగతం
కాయితం పట్టుకుని వచ్చింది.
తన అరవ తెలుగులో,
"వెంగమ్మా, మూడూ ఒకే ఇల్లు.
మేలే ఉండేది పిల్ల.
నడిమిది వాళ్ళప్పా.
కింద అమ్మ."
నవ్విందో, కళ్లు తుడుచుకుందో.
జన్యువులు చదివి చెప్పారట ఎక్కడో.

యాభై ఏళ్లు
ఒకరి పేరు ఒకరికి చెప్పకుండా
ఒకే బీరువాలో నిలబెట్టాం.

ముందు పెట్టిన పేరే నిలవాలి, అది రూలు.
అమ్మ పేరే ముందుది.
కిలోమీటరు లోతున, వెలుగు లేని చోట,
బాజా లేదు, భోజనాల్లేవు,
మొగుడు ఇల్లరికం వచ్చేశాడు.
కూతురూ అమ్మ ఇంటిపేరుకే.

నాది పెళ్లినాడు మార్చారు.
కొరుక్కుపేట రేషను కార్డులో
వరదనీళ్లు తగిలి కొత్త సిరా వెలిసిన చోట
పాతది ఇప్పటికీ
అ, వ, ధా...
అంతవరకే కనబడుతుంది.

కొత్త చీటీలు మూడు రాశాను.
పాతవి పారేయకూడదు, అది మా పద్ధతి.
కొత్తదాని వెనకాలే
అదే స్పిరిట్‌లోకి జారవిడవాలి.
ముక్కు చేప సీసాలో
దాని పుట్టింటి పేరు
మెల్లగా, అడ్డంగా, మునిగింది.

మూడింటినీ కింది అరకి దించాను.
తాళం వేయబోయి మళ్లీ తెరిచి
తండ్రి సీసాని కొంచెం పక్కకి జరిపాను.
పిల్ల తోక పొడుగు కదా,
దాని సీసా వెడల్పు.