మూత ఉన్న ఫోను

బెండిగోలో, పాల్ మాల్ వీధికి వెనకున్న దుకాణంలో
రోరీ అనే కుర్రాడు గాజుబల్ల మీద
మూడు ఫోన్లు పరిచాడు, పేకముక్కల్లా.
"మీ అమ్మగారికా?" అన్నాడు.
నాకే నాయనా, అన్నాను.
యాభై మూడేళ్లు. ఇళ్లకెళ్లి మానని పుళ్లకు కట్లు మారుస్తాను.
రోజుకి నూట ఎనభై కిలోమీటర్లు.

నాకేం కావాలో చెప్పాను.
బొమ్మలొద్దు. రాత్రి రెండింటికి లేపి
ఎవరి పెళ్లిలో ఎవరేం కట్టుకున్నారో చూపించేది వద్దు.
మూత వేస్తే నోరు మూసుకోవాలి.
నా కారుతో మాత్రం మాట్లాడాలి.

ఎందుకంటే కారులో పటం బతకాలంటే
దానికి కాస్త ఇంటర్నెట్ కలపాలి,
పాలల్లో తోడు వేసినట్టు, ఒక్క చెంచాడు.
అది లేకపోతే ఈగిల్‌హాక్ దాటాక
నీలగిరి చెట్లన్నీ ఒక్కలాగే ఉంటాయి,
నేను గుడ్డిదాన్ని.

రోరీ పార్కింగులోకి వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు.
మొదటిది ఎర్రది, అందగత్తె.
కారు తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది,
పెళ్లిచూపుల్లో తలెత్తని పెళ్లికొడుకులా.
రెండోది మాట కలిపింది గానీ దారి ఇవ్వలేదు.
దానికి తెలుగు వచ్చు, పాపం.
మూడోది బూడిదరంగు, అరిగిన సబ్బుబిళ్లంత.
మీట నొక్కగానే పటం విచ్చుకుంది,
ఊళ్లూ వాగులూ గోధుమ గోదాముల గుర్తులతో సహా.

షెపర్టన్‌లో మా తోటికోడలు హైమ
రోజూ పొద్దున్నే ఒక ముక్క రాస్తుంది:
ఏం వండిందో, మా బావగారు దేనికి అలిగారో.
ఆ పొద్దుటి ముక్కనే పాత ఫోన్లోంచి దీనికి పంపి చూశాను.
పప్పు మాడింది, అని నేను పంపితే
వచ్చింది ఇదీ:

□□□□□ □□□□□□□

మూతలు తియ్యని పోపుడబ్బాలు వరసగా.
రోరీ నా మొహం చూసి "అది మీ భాషా?" అన్నాడు.
కాదన్నాను. కాసేపయ్యాక,
అవునన్నాను.

రెండోదాన్ని చేతిలోకి తీసుకున్నాను. పెట్టేశాను. మళ్లీ తీసుకున్నాను.
పోయిన జూన్‌లో ఇంగిల్‌వుడ్ అవతల దారి తప్పి
నలభై నిమిషాలు తిరిగాను.
డోరీన్ ప్యాస్కో గారు కాలు స్టూలు మీద పెట్టుకుని,
పాత కట్టు తనే విప్పేసుకుని,
ఈగలు తోలుకుంటూ కూర్చుని ఉన్నారు.
ఒక్క మాటా అనలేదు. అందుకే
ఫోను ఎంచింది నేను కాదు,
ఆవిడ కాలు.

సోమవారం పొద్దున బండి తియ్యబోతుంటే
ఏడు డబ్బాలు, ఖాళీ, ఆరు డబ్బాలు.
దీర్ఘానికీ సున్నాకీ కూడా
విడిగా ఒక డబ్బా ఇస్తుందీ ఫోను, పిసినారి కాదు.
రోడ్డెక్కాక స్టీరింగు మీద మీట నొక్కాను.
ఏమే, ఏడూ ఆరూ, ఏమిటది?
హైమ పకపకా నవ్వింది.
ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో లెక్కపెట్టబోయి మానేశాను.
"నువ్వే చెప్పుకో చూద్దాం."
దొండకాయ వేపుడు.

మూడు వందల మీటర్లలో ఎడమకు తిరగండి, అంది కారు.
"ఎవరే అది?"
దారి చెప్పే మనిషి.
"కాసేపు ఆగమను దాన్ని. దొండకాయ కాదు."
ఎదురుగా మట్టిరోడ్డు వచ్చింది, పోయింది.
కంగారూ ఒకటి కంచె పక్కన నిలబడి
నన్నూ నా మలుపునీ విడివిడిగా చూసింది.
మరి?
"బెండకాయ."

ప్యాస్కో గారింటికి నాలుగు నిమిషాలు ఆలస్యం.
వాకిట్లో బండి ఆపి వేళ్ల మీద లెక్కపెట్టాను.
దొండకాయకీ ఏడే, బెండకాయకీ ఏడే.
ఫోను మూత వేశాను. టప్‌మంది.